ముందు తొడిగినవాడు

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

క్షుద్రశక్తులు అర్ధరాత్రే నిద్ర లేస్తాయని లోకం నమ్మకం. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకూ వాటికీ ఎంత దగ్గరి చుట్టరికమో మన అమ్మమ్మలకు తెలుసు. అందుకే ఆ వేళ పసిపిల్లలను గడప దాటనిచ్చేవారు కాదు. మనం చదువుకున్నవాళ్ళం కదా, మరిచిపోయాం.

దిల్‌సుఖ్‌నగర్ ఆకాశాన్ని కారుమేఘం కప్పేసింది. చుక్క వాన లేదు. నాగోల్ వైపు, మూసీ మీద ఎక్కడో ఒక ఉరుము భీకరంగా గర్జించి ఊరుకుంది... గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయి ఏళ్ళు గడిచినా, వెనక గల్లీలో ఒక పాత గోదాము మిగిలిపోయింది. ఒకప్పుడు అందులో మామిడికాయలు మాగబెట్టేవారు. కిటికీలు లేని ఆ గదిలో కార్బైడ్ వాసన గోడల్లోకి ఇంకిపోయింది. మూలల్లో ఆ మందు డబ్బాలు ఇంకా పడి ఉన్నాయి. పగలైనా లోపల చీకటే. ఆ చీకటిని నమ్ముకుని దూలం మీద ఒక గుడ్లగూబ కాపురం పెట్టింది.

ఆ గోదాము తలుపు ముందు రజిత నిలబడి ఉంది. ముప్పై రెండేళ్ళ మనిషి. చీరల దుకాణంలో రోజుకు వంద చీరలు విప్పి మడత పెట్టే ఆమె చెయ్యి ఇప్పుడు గొళ్ళెం దాకా వెళ్ళి ఆగింది. ఏడు నెలల కింద ఇదే తలుపును ఆలోచించకుండా తట్టింది. అప్పుడు వచ్చింది ఒక పసివాడి ప్రాణం తియ్యమని అడగడానికి! ఇప్పుడు వచ్చింది ఒక పసివాడి ప్రాణం నిలబెట్టమని అడగడానికి. ఈ రెండోవాడు ఆమె కన్నకొడుకు అభిరామ్. ఆరేళ్ళు.

"లోపటికి రా బిడ్డా," అంది లోపలి నుంచి ఒక గొంతు.

ఆముదపు దీపం... దాని వెనుక పసుపు కుంకుమలు పులిమిన ఒక కపాలం... ఆ కపాలం వెనుక జంగయ్య! కాయలు మాగబెట్టడంలో ఒకప్పుడు మార్కెట్టంతటికీ పేరుమోసిన చెయ్యి అతనిది. మార్కెట్ పోయింది గాని ఆ చెయ్యి ఊరుకోలేదు. శ్మశానాల వెంట తిరిగి వేరే విద్య పట్టుకుంది.

"తీసెయ్యి," అంది రజిత. "నేను పెట్టమన్నది తీసెయ్యి. నా కొడుకు చచ్చిపోతున్నడు. నేను చెప్పింది వాణ్ణి కాదు."

"నువ్వు చెప్పింది నీ తోటికోడలు కొడుకును. గౌతమ్. నాకు యాదికున్నది."

"మరి నా కొడుకుకు ఎందుకొచ్చింది?"

జంగయ్య కపాలాన్ని పక్కకు జరిపాడు. దాని కింద మడతపెట్టి ఉంది ఒక పసుపు పచ్చ చొక్కా... మూడేళ్ళవాడి చొక్కా.

"గీ గుడ్డ ఎవరిదో మంచిగ చూస్కో."

రజిత చూసింది. కాలరు లోపలి వైపు ఎర్రదారంతో వేసిన కుట్టు కనబడింది. ఇంట్లో పసుపు దారం దొరక్క ఎర్రదారంతో ఆ కుట్టు వేసింది తనే. మూడేళ్ళ కింద, తన అభి కోసం!

ఆమె ఆ కుట్టు మీద వేలు పెట్టి తడిమింది.

తోటికోడలు స్వప్నకు ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయాక గౌతమ్ పుట్టాడు. అలా దక్కిన పిల్లవాడికి, ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లవాడు విడిచిన బట్ట తొడిగితే వాడి ఆయుష్షు వీడికీ వస్తుందని ఆ ఇంట్లో ఆనవాయితీ. అత్తగారు వజ్రమ్మ అడిగిన మరుక్షణం రజిత అభి పాత బట్టలన్నీ ఉతికి, మడతపెట్టి, సంతోషంగా ఇచ్చింది. ప్రతి పుట్టినరోజున కొత్త చొక్కా వెయ్యడానికి ముందు గౌతమ్‌కు అన్న చొక్కా ఒక్క గంట తొడిగేవారు. ప్రేమతో ఇచ్చిన చొక్కానే, ఏడు నెలల కింద గౌతమ్ పుట్టినరోజు నాడు స్నానాల గది బకెట్లోంచి పగతో దొంగిలించి తెచ్చింది తను. ఒంట్లో మంట కళ్ళకెక్కితే మనిషి చేతిలోది తన వస్తువో కాదో కూడా చూసుకోడు.

"గుడ్డ మీద ముందు తొడిగినోనిదే హక్కు," అన్నాడు జంగయ్య. "నా శక్తి ఆ వాసన పట్టుకొని పోయింది."

"నీకు ముందే తెల్సా?"

"తొలి రోజే తెల్సింది. నాకు ఎవడైతేంది? పానం పానమే." అతను దీపం వత్తి ఎగదోశాడు. "కాయకు వేడి పెడితే పండైతది. పానం గూడ గంతే. ఆరు జరాలు కాగినయ్. గిది ఏడోది. పొద్దుగూకేసరికి తెంపుకుంటది."

రజిత అతని కాళ్ళ మీద పడింది. జంగయ్య ఆ పాదాలను వెనక్కి తీసుకోలేదు.

"ఒక్క తొవ్వ ఉన్నది. ఆ గౌతమ్‌గాని తలవెంట్రుకలు నీ చేత్తోని కత్తిరించి పొద్దుగూకకముందు తే. వీన్ని ఇడిపించి వాన్ని కడ్త. ఎవరికన్న చెప్దామని నోరు తెరిచినవో... నీ గొంతుల నేను కూసున్న. మాట బయటికి రానియ్య!"

దూలం మీద గుడ్లగూబ రెక్కలు విదిల్చింది...

*

ఆటో ఎల్బీనగర్ వైపు పరుగెడుతోంది. రజిత మనసు మాత్రం వెనక్కి పరుగెడుతోంది.

అసలు ఏమంది స్వప్న? ఒక్క మాట. రజితకు ఆరో నెలలో కడుపు పోయి అప్పటికి ఇరవై రోజులే అయింది. గౌతమ్ పుట్టినరోజున హారతి పళ్ళెం అందుకోబోతే స్వప్న చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వొద్దులే అక్కా, ఏమనుకోకు," అంది. పదిమంది ముందు. ఆ రోజే రజిత గడ్డిఅన్నారం దారి పట్టింది. "ఆ పిల్లగాడు కొలిమి లెక్క కాలాలె. వాళ్లమ్మ కండ్ల ముందట కాలాలె," అని కపాలం ముందు మూడుసార్లు అంది. అన్నది నోరే అయినా, ఆ మాట కడుపు కోతలోంచి వచ్చింది. అయితే మాత్రం? ముళ్ళకంప నాటినవాడికి మామిడిపండ్లు కాస్తాయా?

మూడు రోజులకే అభికి నూట నాలుగు జ్వరం. గొంతులో పుండులాంటి వాపు. చైతన్యపురిలో పిల్లల డాక్టరు పట్టాభిగారు గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపారు.

"స్ట్రెప్ అంటారమ్మా. గొంతులో చేరే బ్యాక్టీరియా. పది రోజులు మందు వెయ్యండి. రెండో రోజే జ్వరం తగ్గిందని మానెయ్యకండి," అన్నారు ఆయన.

రజిత ఒక్క పూట మానలేదు. తగ్గింది. మూడు వారాలకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఒళ్ళంతా ఎర్రటి దద్దు, చేత్తో నిమిరితే గరుకు కాగితంలా తగిలింది. నాలుక కందిపోయింది. వేలికొనల చర్మం పొరలు పొరలుగా ఊడింది. నెల తిరగకుండా మళ్ళీ... మళ్ళీ... ప్రతి అమావాస్య మధ్యాహ్నం వీపు మీద ఇంకో దద్దు లేచేది. అయిదు వేళ్ళ ముద్ర! దానికి మాత్రం పట్టాభిగారి దగ్గర పేరు లేదు.

"ఇది నాకు అర్థం కావడం లేదమ్మా," అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు. "కానీ స్ట్రెప్ ఇన్నిసార్లు తిరగబెడితే గుండె కవాటాలు దెబ్బతింటాయి. నా భయం అది. ఇంట్లో ఎవరి గొంతులోనో అది దాక్కుని ఉండొచ్చు. వాళ్ళకు జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. పిల్లవాడికి మాత్రం పదే పదే అంటిస్తుంటారు. అందరి గొంతులూ పరీక్ష చేద్దాం."

మొన్ననే ఇంటిల్లిపాదీ గొంతు పరీక్ష చేయించుకున్నారు.

*

మేడ మీది గదిలో అభి పెనం మీది రొట్టెలా కాలిపోతున్నాడు. వాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నది ఎవరో కాదు, స్వప్న! ఈ ఏడు నెలలుగా ప్రతి జ్వరానికీ బడికి సెలవు పెట్టి వచ్చి కూర్చున్నది ఆమే. ఆమె పాఠాలు చెప్పే బడిలో సెలవులన్నీ అయిపోయాయి. రజిత భర్త దశరథ పండ్ల లారీతో విజయవాడ దారిలో ఉన్నాడు.

"ఏడికి పోయినవ్ అక్కా? డాక్టర్ సార్ రెండుసార్లు ఫోన్ చేసిండు," అంది స్వప్న.

రజిత ఫోన్ చేసింది.

"అమ్మా, పరీక్షలు వచ్చాయి," అన్నారు పట్టాభిగారు. "మిగతా అందరికీ ఏమీ లేదు. మీ గొంతులో ఉంది. మీరు కంగారు పడకండి, ఇందులో మీ తప్పేమీ లేదు. మీరూ మందు వేసుకుంటే పోతుంది. బాబుకు జ్వరం ఎక్కువైతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా హాస్పిటల్లో చేర్చండి."

మీ తప్పేమీ లేదు! ఆ మాట ఆమె గుండెలో సూదిలా దిగింది. ఏ గొంతుతో శాపం పెట్టిందో ఆ గొంతులోనే జబ్బు కాపురం ఉంది. రాత్రిళ్ళు కొడుకును పక్కన పడుకోబెట్టుకుని ముద్దులు పెట్టింది కదా... ప్రతి ముద్దుతో నిప్పు అంటించింది కదా... తనంతటి పాపాత్మురాలు ఈ భూమి మీద ఉంటుందా అని ఆమె లోలోపల కుమిలిపోయింది.

ఆ వేళ్ళ ముద్రకు హాస్పిటల్లో మందు లేదని, ఏం చెయ్యాలో తేలక కొడుకు పక్కనే కూర్చుండిపోయేసరికి గడియారం ఆరు దాటింది. మేఘం వెనుక పొద్దు వాలుతోంది. అభి కళ్ళు తెరవడం లేదు. చొక్కా తొలగిన చోట వీపు మీద అయిదు వేళ్ళూ నల్లబడుతున్నాయి. రజిత కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసి కొంగు చాటున దాచుకుని మెట్లు దిగింది.

కింద నడవాలో గౌతమ్ ఒక్కడే కూర్చుని బొమ్మలు గీస్తున్నాడు. జబ్బు అంటుతుందని వాణ్ణి పైకి రానివ్వడం లేదు.

"పెద్దమ్మా, అన్నకు జరం తగ్గిందా?"

"తగ్గుతది నాన్నా. ఇట్ల రా. నీ జుట్టు పెరిగింది, జర కత్తిరిస్త."

వాడు వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు. చెవులు తెగుతాయేమోనని రెండు అరచేతులతో చెవులు మూసుకుని, తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మంగలి దగ్గర అభి కూడా అచ్చం అలాగే కూర్చుంటాడు.

కత్తెర తెరుచుకుంది... మెడ మీది ఉంగరాల జుట్టు రెండు అలుగుల మధ్యకు వచ్చింది... ఒక్క కొస, అంతే. పైన తన బిడ్డ బతుకుతాడు!

ఆమె వేళ్ళు ముడుచుకోలేదు. ఈ చెయ్యి ఒక పిల్లవాణ్ణి కాల్చింది చాలదా, ఇంకొకణ్ణి కూడా కాల్చాలా అనిపించింది. రజిత కత్తెరను విసిరి దూరంగా పారేసింది.

ఆ క్షణంలో ఆమె గొంతులో ఎవరో కదిలారు...

"కొయ్! కొయ్యే!"

ఆ అరుపు ఆమె నోట్లోంచే వచ్చింది. గొంతు మాత్రం మగగొంతు! ఆమె కనుగుడ్లు పైకి తేలిపోయాయి. జుట్టు ముడి వీడి భుజాల మీద చిందరవందరగా పడింది. ఆమె చెయ్యి ఆమెను అడగకుండానే నేల మీద పాకి కత్తెరను అందుకుంది. గౌతమ్ కెవ్వుమన్నాడు. స్వప్న మెట్ల మీది నుంచి ఒక్క ఊపున వచ్చి పిల్లవాణ్ణి లాక్కుంది. వెనక గదిలోంచి వజ్రమ్మ పరుగెత్తుకొచ్చింది.

నలభై ఏళ్ళుగా పోచమ్మకు బోనమెత్తుతున్న మనిషి వజ్రమ్మ. ఆమె కోడలి దవడను రెండు చేతులతో పట్టుకుంది.

"రజితా, నా దిక్కు చూడు. నీ లోపట ఏమున్నదో నాకు తెల్వది. మనం పిలవకుంట గసువంటిది గడప లోపటికి రాదు. పిలిచిన నోరే పొమ్మనాలె. ఎవల మీదికి పిలిచినవో వాళ్ల ముందట చెప్పాలె."

"చెప్తే దీని కొడుకు చస్తడు!" అని ఆ మగగొంతు హుంకరించింది.

రజిత నోరు తెరిచింది. గొంతు బిగిసింది. లోపల ఎవరో పిడికిలితో నులుముతున్నట్టు, నిప్పుకణికలు మింగించినట్టు... పెదవి చివర నెత్తురు చుక్క కనబడింది. చెబితే ఈ ఇంట్లో తనకు ముఖం ఉండదు. భర్త ఉండనిస్తాడో లేదో తెలియదు. చెప్పకపోతే పైన పిల్లవాడు ఉండడు. చెప్పినా ఉంటాడన్న నమ్మకం లేదు. అయినా తెరిచిన నోరు ఆమె మూయలేదు.

"నేనే... స్వప్నా... నేనే."

మొదటి మాట రావడమే కష్టమైంది. తర్వాత ఆగలేదు. హారతి పళ్ళెం, బకెట్లో చొక్కా, గోదాము, కపాలం, మూడుసార్లు అన్న మాట, కొంగు చాటు కత్తెర... అన్నీ చెప్పింది. స్వప్న కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"నీ కొడుకు కాలాలన్న. నేనే అన్న. ఆ మాట వాపస్ తీసుకుంటున్న. నీ కొడుకు మీదికెళ్లి తీసుకుంటున్న."

ఇల్లంతా దద్దరిల్లేలా పిడుగు పడింది! ఆపుకున్నదంతా ఒక్కసారిగా విడిచినట్టు ఆకాశం కుండపోతగా కురిసింది. రజిత నేల మీద కూలిపోయింది. గొంతులోని పిడికిలి వదిలింది.

*

గడ్డిఅన్నారం గోదాములో ఆ వేళ ఏం జరిగిందో చూసిన మనిషి లేడు. కానీ కథ చెప్పేవాడికి గోడలు అడ్డమా?

జంగయ్య చివరి మంత్రం అందుకోబోతున్నాడు. పశ్చిమాన పొద్దు గుంకడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. దూలం మీది గుడ్లగూబ ఉన్నట్టుండి తలుపు సందులోంచి ఎగిరిపోయింది... కపాలం తనంతట తాను అతని వైపు తిరిగింది... పంపినవాళ్ళు వద్దన్న శక్తికి ఎవరో ఒకరు కావాలి. ఆకలితో వెనక్కి వచ్చిన దానికి ఎదురుగా కనబడ్డవాడు ఒక్కడే!

అతని వీపు మీద ఎర్రగా అయిదు వేళ్ళు లేచాయి. నడుము నుంచి మెడ దాకా దద్దు పాకింది. ఒళ్ళు కొలిమయింది. మంత్రం చదివి ఆపుదామని జంగయ్య నోరు తెరిచాడు. గొంతు పూడుకుపోయింది. ఒక్క అక్షరం రాలేదు!

అప్పుడు వినబడింది... కప్పు మీద వాన చప్పుడులోంచి... గజ్జెల చప్పుడు. ఘల్... ఘల్... పిల్లల ఒళ్ళు కాచే తల్లి ఒకతి ఉంది. ఆమెకు కోపం ఆలస్యంగా వస్తుంది. వచ్చాక ఆగదు.

పగిలిన రేకుల్లోంచి వాన ధారగా కారింది. మూలన డబ్బాల్లోని కార్బైడ్ మీద పడి బుసబుసమంటూ పొంగింది. ఆ పొగ ఆముదపు దీపాన్ని తాకింది... భళ్ళుమంది! సగం గల్లీ ఉలిక్కిపడి బయటికొచ్చేసరికి గోదాము లేదు. మంటలు చల్లారాక గుప్పెడు బూడిద తప్ప జంగయ్య అనేవాడి గుర్తు దొరకలేదు. వానకు కార్బైడ్ పేలిందని అందరూ అనుకున్నారు. అదీ నిజమే.

*

స్వప్న గౌతమ్‌ను భుజానికి హత్తుకుని రజిత వైపు తిరిగింది.

"గా ఒక్క మాటకా, అక్కా?"

అంతే అంది. గౌతమ్‌ను అత్త చేతికిచ్చి, పైకి వెళ్ళి, అభిని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని వానలో ఆటో ఆపింది. రజిత ఎక్కబోతే వద్దనలేదు, జరగనూ లేదు.

దవాఖానలో మూడు రోజులున్నారు. సూదిమందు ఎక్కింది. వీపు మీది ముద్ర తెల్లారేసరికి లేదు. పట్టాభిగారు గుండె పరీక్ష చేయించి, కవాటం దగ్గర చిన్న శబ్దం ఉందని, చాలా ఏళ్ళు మూడు వారాలకొకసారి ఇంజెక్షన్ తప్పదని, పిల్లవాడు మాత్రం బతికి బట్టకడతాడని చెప్పారు. రజిత కూడా పది రోజులు మందు వేసుకుంది. మళ్ళీ పరీక్ష చేస్తే ఆమె గొంతు శుభ్రంగా ఉంది. కాగితం మీద ఆ ముక్క చదివి ఆమె సంతోషపడలేకపోయింది. ఎనిమిదో జ్వరం రాలేదు.

దశరథ వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత అవసరమైన మాటలు మాట్లాడాడు. స్వప్న మెట్ల మధ్య ఇనుప జాలీ తలుపు పెట్టించింది. దానికి కింది వైపు తాళం వేసింది. మూడు వారాలకొకసారి మాత్రం ఆ తాళం తీసి, అభిని తనే ఇంజెక్షన్‌కు తీసుకెళ్ళి తీసుకొచ్చి, మళ్ళీ వేస్తుంది. అక్కా అనే పిలుపు ఆ ఇంట్లో ఇంకెప్పుడూ వినబడలేదు.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం అభి జాలీ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కింద గౌతమ్ ఆడుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"అమ్మా, గౌతమ్ పైకి ఎందుకొస్తలేడు?"

రజిత మడతపెడుతున్న బట్టలు పక్కన పెట్టింది.

"నా దద్దుర్లు అంటుకుంటయనా? నావి పోయినయ్ గదా. చిన్నమ్మను పిలువు, చూపిస్త." వాడు చొక్కా మెడ దాకా పైకెత్తి జాలీకి వీపు తిప్పి కూర్చున్నాడు.

అవును నాన్నా, డాక్టర్ వద్దన్నడు అంటే సరిపోయేది. పిల్లవాడు నమ్మేవాడు. లోకమూ నమ్మేది. రజిత వాడి చొక్కా కిందికి లాగి, సర్ది, పక్కన మెట్టు మీద కూర్చుంది.

"నీ దద్దుర్లతోని కాదు నాన్నా. నా వల్ల."

"నువ్వేం చేసినవ్?"

"గౌతమ్‌కు జరం రావాలని కోరుకున్న."

అభి తల్లి ముఖంలోకి చూశాడు. ఆరేళ్ళవాడి బుర్రకు అందనిది ఏదో అందుకోవడానికి వాడు కాసేపు తంటాలు పడ్డాడు.

"మరి నాకెందుకొచ్చిందమ్మా?"

రజిత తల దించుకోలేదు. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.